ఊలు జుట్టు కుట్టే ముందు బొమ్మ తలను చూడండి

బొమ్మ మొహం ఎంత ముద్దుగా కుదిరినా, జుట్టు పెట్టగానే ఏదో తేడా కొట్టిందంటే తప్పు చాలావరకు ఊలుది కాదు, తలది. నేను కుట్టిన మొదటి గుడ్డబొమ్మకు ముదురు గోధుమరంగు ఊలుతో నడుం దాకా జుట్టు పెట్టాను. ఎదురుగా చూస్తే బాగానే ఉంది. కాస్త వంచితే చాలు, పోగుల సందుల్లోంచి తెల్లటి నెత్తి కనిపించేది. నుదురు గీత మరీ వెనక్కి పోవడంతో పాపకు నాలుగేళ్లా నలభై ఏళ్లా అని అనుమానం వచ్చేది. పైగా వేడి జిగురుతో అంటించానేమో, పాపిడి పొడవునా గట్టి గడ్డలు కట్టాయి. ఊడదీయబోతే గుడ్డ కూడా దాంతో పాటే చిరిగింది. అందుకే ఈ పని ఎలా చేయాలని ఎవరడిగినా ముందు తల సంగతి చెప్పి, ఊలు సంగతి ఆ తర్వాత చెబుతాను.

తల మీద గీతలు

నీళ్లు తగిలితే పోయే మార్కింగ్ పెన్ను ఒకటి, కాసిని గుండుసూదులు దగ్గర పెట్టుకోండి. బొమ్మను ఎదురుగా నిలబెట్టి, కళ్లకూ నడినెత్తికీ మధ్య దూరం చూడండి. అందులో సుమారు సగం దగ్గర నుదురు గీత రావాలి. చాలామంది ఇంకా పైన పెడతారు, బట్టతల పోలిక వచ్చేది అందుకే. అక్కడి నుంచి గీతను రెండు చెంపల పక్కగా చెవుల ముందుకు దించి, చెవుల వెనక నుంచి మెడ దాకా తీసుకెళ్లి కలపండి. బొమ్మకు చెవులు లేకపోతే కళ్ల నుంచి ముక్కు చివర దాకా ఉన్న ఎత్తులో చెవి ఉందనుకుని గుర్తు పెట్టుకోండి. మెడ వెనక గీత కనీసం గడ్డం ఎత్తు దాకా దిగాలి. వెనక కదా, ఎవరు చూస్తారులే అని పైన ఆపేస్తే, రెండు జడలు వేసిన రోజున ఆ ఖాళీ అంతా బయటపడుతుంది.

తర్వాత సుడి. అది నడినెత్తి మీద ఉండదు, కొంచెం వెనక ఉంటుంది. దానికో గుండుసూది గుచ్చి, నుదురు నుంచి సుడి దాకా పాపిడి గీయండి. పాపిడి మధ్యలోనా పక్కకా అన్నది మీ ఇష్టం. పక్క పాపిడి తీస్తే మొహం కొంచెం పెద్ద పిల్లలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ గీతల లోపలి భాగానికి జుట్టు రంగు పూయండి. గుడ్డ తలకైతే గుడ్డల మీద వేసే రంగు సరిపోతుంది. పూర్తిగా ఆరాకే ఊలు పని మొదలుపెట్టాలి. రంగు వేయడం భయమైతే అదే రంగు ఫెల్ట్ గుడ్డతో (పీచును అదిమి చేసే మందపాటి గుడ్డ) టోపీలాంటిది కుట్టి తలకు బిగించండి. క్రోషే బొమ్మ, అంటే హుక్‌తో ఊలు అల్లి చేసింది అయితే ఇంకా సులువు: తల అల్లేటప్పుడే నుదురు గీత దాటగానే ఊలు మార్చి జుట్టు రంగుతో అల్లేయండి. ఈ ఒక్క పని చేస్తే మూడో వంతు తక్కువ జుట్టుతోనే తల నిండుగా కనిపిస్తుంది.

ఏ ఊలు, ఎంత ఊలు

జడలు, పిలకలు వేసే జుట్టుకు మామూలు నాలుగు పోగుల అక్రిలిక్ ఊలు చాలు. చవక, రంగులు ఎక్కువ, ఉతికినా పాడవదు. దువ్వి మెత్తటి పట్టులాంటి జుట్టు చేయాలన్నా అక్రిలికే. కాటన్ దారం దువ్వితే తెగిపోతుందే తప్ప మెత్తబడదు. దాన్ని గట్టిగా, నీటుగా ఉండే చిన్న జడలకు ఉంచుకోండి. గొర్రె ఊలు చూడముచ్చటగా ఉంటుంది కానీ వేడినీళ్లలో రుద్దితే ముద్దకట్టి ఫెల్ట్ అయిపోతుంది. మోహైర్ అంగోరా మేక బొచ్చుతో చేసింది, పసిపిల్లల జుట్టులా పలచగా, మెరుపుగా ఉంటుంది. గుండ్రటి ముడులున్న బూక్లే ఊలును ఏమీ చేయక్కర్లేదు, కుట్టేస్తే అదే రింగుల జుట్టు.

ఇంట్లో మిగిలిన ఉండ ఏ రకమో తెలియకపోతే బెత్తెడు ముక్క తీసి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె మీద అంటించి చూడండి. గొర్రె ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. కాటన్ కాగితంలా కాలిపోతుంది. ఈ పరీక్ష ఎందుకంటే, ముందు ముందు వేడి పెట్టే పనులున్నాయి. ఏది కరుగుతుందో తెలియకుండా ఇస్త్రీ పెట్టె ముట్టుకోకూడదు.

ఎంత కావాలో లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. తల చుట్టుకొలత 30 సెంటీమీటర్లున్న బొమ్మకు నుదురు నుంచి మెడ దాకా పాపిడి 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కో సెంటీమీటరుకు 5 పోగులు పక్కపక్కన పడితే మొత్తం 60. జుట్టు ఒక్కో వైపు 28 సెంటీమీటర్లు వేలాడాలంటే ఒక్కో పోగు 56 ఉండాలి. అంటే దాదాపు 34 మీటర్లు. నాలుగు పోగుల ఊలు 100 గ్రాముల ఉండలో సుమారు 200 మీటర్లుంటుంది కాబట్టి ఇది 17 గ్రాములు. అడుగు వరుసకు, నుదుటి మీది కత్తిరింపుకు ఇంకో అంత వేసుకోండి. దువ్వే జుట్టైతే నలక రూపంలో చాలా పోతుంది, ఇంకొంచెం ఎక్కువే ఉంచుకోండి. సగంలో ఊలు అయిపోయి, మళ్లీ కొన్నది ఒక ఛాయ తేడాగా దొరికితే పడే బాధ అంతా ఇంతా కాదు.

గుడ్డబొమ్మకు పాపిడి జుట్టు

నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఇది. మొదటిసారి చేసేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి.

28 సెంటీమీటర్ల పొడవున్న అట్టముక్క తీసుకుని దాని చుట్టూ ఊలు 60 చుట్లు చుట్టండి. లాగి చుట్టకూడదు. బిగిస్తే ఊలు సాగుతుంది, కోశాక ముడుచుకుని పొట్టిదవుతుంది. ఒక అంచున కత్తెర దూర్చి కోస్తే 56 సెంటీమీటర్ల పోగులు వస్తాయి.

బల్ల మీద ఒక పలచటి కాగితం పరచి, దాని మధ్యలో జుట్టు రంగుదే సెంటీమీటరు వెడల్పు టేపు గుడ్డ 12 సెంటీమీటర్లది పెట్టండి. పోగులను దాని మీద అడ్డంగా, మధ్యభాగం టేపు మీద పడేలా ఒక్కొక్కటే పేర్చండి. ఇక్కడ తొందర పనికిరాదు. నాలుగైదు పోగులు పెట్టి, వేలితో పక్కకు జరిపి, సందు లేకుండా చూసి, ఆ తర్వాత ఇంకో నాలుగు. అన్నీ పేర్చాక రెండు వైపులా పోగుల మీద అంటుకునే టేపు వేస్తే కదలవు. ఇప్పుడు మధ్యలో నిలువుగా కుట్టు మిషన్ మీద చిన్న కుట్టుతో, అంటే 2 మిల్లీమీటర్లు పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి రెండుసార్లు కుట్టండి. మిషన్ పాదం కింద ఊలు తోసుకుపోతుంటుంది. ఎడమచేతి వేళ్లతో కాకుండా ఒక పుల్లతో నొక్కి పట్టుకోండి. కాగితం ఉంది కాబట్టి ఊలు మిషన్ పళ్లలో ఇరుక్కోదు, కుట్టు అయ్యాక చింపేయొచ్చు. మిషన్ లేకపోతే బ్యాక్ స్టిచ్‌తో, అంటే ప్రతిసారీ సూదిని ఒక కుట్టు వెనక్కి గుచ్చి ముందుకు తీస్తూ, ప్రతి రెండు పోగులకూ ఒక కుట్టు వేయండి. అరగంట పడుతుంది, అంతే.

దారం రంగు గురించి ఒక మాట. పాపిడి మీద కనిపించే గీత ఈ కుట్టే. జుట్టు రంగు దారం వాడితే అది మాయమవుతుంది. నల్ల జుట్టు మీద తెల్ల దారం పడితే ఎంత నీటుగా కుట్టినా దెబ్బ తగిలి కుట్లు వేసినట్టుంటుంది.

ఇక తలకు బిగించడం. పట్టీ ముందు అంచును నుదురు గీత మీద పెట్టి గుండుసూది గుచ్చండి, వెనక అంచును మెడ దగ్గర గుచ్చండి, ఆ తర్వాతే మధ్యలో. ముందు నుంచి గుచ్చుకుంటూ పోతే చివరకు పట్టీ ఒక పక్కకు జారిపోతుంది. గట్టి పాలియెస్టర్ దారంతో, పొడవాటి సూదితో, మిషన్ కుట్టు మీదుగానే తలకు కుట్టండి. తర్వాత జుట్టును రెండు వైపులా దువ్వి, చెవుల కింద పిలకల్లా పట్టుకుని, ఆ చోట లోపలి పోగుల్ని తలకు నాలుగైదు కుట్లతో కట్టేయండి. పైకి కనిపించే పోగులు ఈ కుట్లను దాచేస్తాయి.

ఈ పద్ధతికి ఒక లోపముంది. పాపిడి మెడ దాకా సాగితే రెండు జడలకు బాగుంటుంది. జుట్టు విరబోసి వదిలితే మాత్రం వెనక నిలువునా చీలిపోయి తల కనిపిస్తుంది. విరబోసిన జుట్టు కావాలంటే పాపిడి పట్టీని సుడి దగ్గరే ఆపండి. ముందుగా మెడ గీత మీద చెవి నుంచి చెవికి అడ్డంగా ఒక వరుస, దానికి మూడు సెంటీమీటర్ల పైన ఇంకో వరుస కుట్టి, వాటి మీద పాపిడి పట్టీ వేయండి. సుడి దగ్గర చివరి పోగుల్ని విసనకర్రలా వెనక్కి పరిస్తే తల మూసుకుపోతుంది. ఇంత చేశాక మీ బొమ్మకు ఏ ముస్తాబైనా నప్పుతుంది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే కదా.

మగపిల్లాడి బొమ్మకు పొట్టి క్రాపు కావాలంటే ఇదే పట్టీని రెండు వేళ్ల వెడల్పు అట్ట మీద చుట్టి చేసి, కోయకుండా మడతలు మడతలుగానే వదిలేయండి. మెడ నుంచి పైకి చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ సుడి దగ్గర ముగించండి. 1983లో జనం ఎగబడి కొన్న క్యాబేజ్ ప్యాచ్ బొమ్మల్లో చాలావాటికి ఇలాంటి ఊలు మడతల జుట్టే. కోయని ఊలుకు చివరలు ఉండవు, కాబట్టి పీచు లేవదు. ఆటల్లో నలిగే బొమ్మకు నేను ఇదే చెబుతాను.

క్రోషే తలకు పోగు పోగున ముడి

అల్లిన తలకు సూది అక్కర్లేదు, క్రోషే హుక్ చాలు. కావలసిన పొడవుకు రెట్టింపు ఉన్న పోగును మధ్యకు మడవండి. తల మీది ఒక అల్లిక కిందుగా హుక్ దూర్చి, మడత కొసను లాగి, ఆ ఉచ్చులోంచి రెండు చివరల్నీ తీసి బిగించండి. హుక్ ఏ వైపు నుంచి దూర్చారో జుట్టు ఆ వైపుకు వాలుతుంది. అందుకని నుదురు గీత మీద వెనక వైపు నుంచి, మెడ గీత మీద కింది నుంచి దూర్చండి. ముందు ఒక పోగుతో చేసి, ఎటు వాలిందో చూసుకుని తర్వాత వరుస మొదలుపెడితే ఊడదీసే పని ఉండదు.

ప్రతి అల్లికలోనూ ముడి వేయాలనుకోకండి. అలా వేస్తే తల బరువెక్కి మెడ వాలిపోతుంది, జుట్టు చీపురులా నిక్కబొడుచుకుంటుంది. చుట్టూ ఉన్న గీత మీద ఒక వరుస నిండుగా, దాని లోపల ఇంకో వరుస, పాపిడికి రెండు పక్కలా రెండు వరుసలు. మిగతా చోట వరుస విడిచి వరుస, అల్లిక విడిచి అల్లిక. కింద జుట్టు రంగు ఉంది కదా, అది చూసుకుంటుంది.

తీసి పెట్టే విగ్గులు

మార్చుకునే విగ్గు కావాలంటే రెండు దారులు. మొదటిది అల్లిన టోపీ. ఇక్కడి పేర్లు అమెరికన్ పద్ధతివి, బ్రిటిష్ పుస్తకాల్లో సింగిల్ క్రోషేను డబుల్ అంటారు, గుర్తుంచుకోండి. మ్యాజిక్ రింగ్‌లో, అంటే లాగితే బిగిసే ఊలు ఉచ్చులో, 6 సింగిల్ క్రోషేలతో (పొట్టి అల్లికలు) మొదలుపెట్టి, ప్రతి చుట్టుకూ 6 పెంచుతూ 12, 18, 24 అని బిళ్ల అల్లండి. తల చుట్టుకొలతను 3.14తో భాగిస్తే బిళ్ల ఎంత వెడల్పుండాలో వస్తుంది. 30 సెంటీమీటర్ల తలకు తొమ్మిదిన్నర. తొమ్మిది దగ్గరే ఆపండి, అల్లిక సాగి బిగుతుగా కూర్చుంటుంది. అక్కడి నుంచి పెంచకుండా నుదురు గీత దాకా అల్లితే టోపీ సిద్ధం. దీనికి పైన చెప్పినట్టు ముడులు వేయొచ్చు. లేదా టోపీ అంచు నుంచి 30 చెయిన్‌లు అల్లి, వెనక్కి వస్తూ ప్రతి చెయిన్‌లో రెండేసి హాఫ్ డబుల్‌లు (సింగిల్ కంటే కాస్త ఎత్తైన అల్లికలు) వేయండి. అది తనంతట తానే మెలి తిరిగి రింగుల పాయ అవుతుంది. ఇలాంటివి వరుసగా చేసుకుంటూ వెళ్లొచ్చు. బరువు ఎక్కువే అనుకోండి, కానీ చిక్కు పడదు.

రెండోది గట్టి తల ఉన్న బొమ్మలకు, అంటే ప్లాస్టిక్, రెజిన్ తలలకు. తలను పలచటి ప్లాస్టిక్ ర్యాప్‌తో చుట్టి మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. దాని మీద పాత టీషర్టు ముక్కను ముడతల్లేకుండా లాగి ఇంకో బ్యాండు బిగించండి. తెల్ల జిగురులో కొంచెం నీళ్లు కలిపి బ్రష్‌తో పూయండి, ఆరాక ఇంకోసారి. రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి అది గట్టి చిప్పలా అవుతుంది. తల మీద ఉండగానే నుదురు గీత గీసి, ఆ తర్వాత తీసి, గీత వెంట కత్తిరించండి.

దీనికి కావలసింది సవరాలు. అక్రిలిక్ ఊలును 25 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక చివర బల్లకు టేపుతో అంటించండి. సూది మొనతో కింది నుంచి పైకి పోగులు విప్పండి. తర్వాత పెంపుడు కుక్కలను దువ్వే సన్న తీగల బ్రష్‌తో, చివరల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పైకి వెళుతూ దువ్వండి. పై నుంచి లాగితే సగం బ్రష్‌కే పోతుంది. ఊలు మబ్బులా ఉబ్బుతుంది, ఇదేం జుట్టు అనిపిస్తుంది. కంగారు పడకండి. హెయిర్ స్ట్రెయిట్‌నర్‌ను అన్నిటికంటే తక్కువ వేడిలో పెట్టి, ముందు పనికిరాని ముక్క మీద చూసి, ఆపకుండా ఒక్క జారుగా లాగండి. ఆ మబ్బు కాస్తా కళ్లముందే వాలిపోయి నిగనిగలాడే జుట్టవుతుంది. ఒకేచోట ఆగితే మాత్రం అక్రిలిక్ కరిగి అట్టకట్టేస్తుంది, దాన్నిక బాగు చేయలేం. పై అంచున అర సెంటీమీటరు మేర గుడ్డల జిగురు రాసి, ప్లాస్టిక్ షీటు మీద ఆరబెట్టి, అంచు సమంగా కోస్తే ఒక సవరం.

చిప్పకు మెడ దగ్గర నుంచి పైకి, సెంటీమీటరుకో వరుస చొప్పున సవరాలు అంటించుకుంటూ రండి. నడినెత్తికి వచ్చాక వరుసల మధ్య అర సెంటీమీటరే. పాపిడికి రెండు పక్కలా వచ్చే ఆఖరి సవరాలను తలకిందులుగా, అంటే జుట్టు పాపిడికి అవతలి వైపు పడేలా అంటించి, ఆరాక ఇవతలికి మడవండి. జిగురు అంచు మడత కింద దాక్కుంటుంది. వేడి జిగురు ఈ పనికి వద్దు, మందంగా గడ్డకట్టి అంతా పైకి లేస్తుంది. పాఠం నేను నేర్చుకున్నదే.

రింగులు, అలలు

అలల జుట్టుకు పెద్ద శ్రమ లేదు. మెలితిప్పిన ఊలు పోగులు విప్పితేనే అల వస్తుంది. బాగా నొక్కుల జుట్టు కావాలంటే ఆ ఊలుతో ఒక చిన్న చతురస్రం అల్లి, తడిపి, పూర్తిగా ఆరబెట్టి, తర్వాత అల్లిక విప్పేయండి.

రింగులకు చెక్క పుల్లలు లేదా ఇనుప అల్లికసూదులు తీసుకోండి, ప్లాస్టిక్‌వి వేడికి వంగిపోతాయి. అక్రిలిక్ ఊలును పక్కపక్కన చుట్టి రెండు చివరలా కట్టి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలుంచి తీసి, ఒక రోజంతా ఆరనివ్వండి. రంగు దిగుతుందేమో ముందు చిన్న ముక్కతో చూసుకోండి. తీసేటప్పుడు చుట్లు విప్పకుండా పుల్లను మెల్లగా తిప్పుతూ బయటికి లాగాలి. స్ప్రింగులా చేతిలోకి జారిపడే ఆ క్షణం కోసమే నేను ఈ పని చేస్తాననుకుంటాను. లోపల తడి ఉండగా తీస్తే అన్నీ తాడులా సాగిపోతాయి. అక్రిలిక్ రింగులు వేడితో కుదిరినవి కాబట్టి తర్వాత తడిసినా చాలావరకు నిలుస్తాయి. గొర్రె ఊలుకు గోరువెచ్చటి నీళ్లు చాలు, కదపకూడదు. కానీ మళ్లీ తడిస్తే ఆ రింగులు వదులవుతాయి. ఇలా చేసిన జుట్టును దువ్వకండి, వేళ్లతో సర్దడమే.

పసిపిల్లల బొమ్మలకు ఇవేవీ వద్దు. పొడవాటి ఊలు పోగు పసివాళ్ల వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తప్రసారం ఆగిపోతుంది. దువ్విన ఊలు నోట్లోకి పీచుగా వస్తుంది. మూడేళ్ల లోపు పిల్లలకైతే జుట్టును ఎంబ్రాయిడరీగా కుట్టండి, లేదా అల్లిన టోపీనే జుట్టుగా తలకు గట్టిగా కుట్టేయండి. పూసలు, బటన్లు, క్లిప్పులు వద్దు. కొంచెం పెద్ద పిల్లలకైనా జుట్టు కుట్టడం అయ్యాక పోగుల్ని గుప్పిట పట్టి గట్టిగా లాగి చూడండి. ఊడితే మీ చేతిలోనే ఊడనివ్వండి.

ఆఖరుగా నుదుటి మీది కత్తిరింపు. జుట్టంతా కుట్టి, దువ్వి, జడలు వేసి, బొమ్మకు గౌను కూడా తొడిగాక చేయాల్సిన పని ఇది. ముందే చేస్తే పోగులు సర్దుకునేసరికి పొట్టిదైపోతుంది. ముందు పాయను కనుబొమల కింద దాకా దించి, కళ్లు మూసేంత పొడవున తడి వేళ్లతో మొహానికి అదిమి పెట్టండి. కత్తెరను అడ్డంగా పట్టుకుని ఒక్క కోతలో కోస్తే గిన్నె బోర్లించినట్టు వస్తుంది. కత్తెర మొన పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని, కొద్దికొద్దిగా చివరలు చిదిపినట్టు కోయండి. నాలుగు కోతలు వేసి, బొమ్మను చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. మళ్లీ నాలుగు. కనుపాపలు పూర్తిగా కనబడగానే కత్తెర కింద పెట్టేయండి, ఒక పోగు పొడవుగా ఉన్నా సరే.